కిటికీల తనిఖీకి నమ్మదగ్గ కంపెనీని ఎంచుకోవడం ఎలా?

మా ఇంట్లో ఒక కిటికీ కింద గోడ ప్రతి వానకీ తడిసేది. ఉచితంగా తనిఖీ చేస్తామన్న ఒక కంపెనీని పిలిచాను. వచ్చినతను బయటి వైపు ఫ్రేమ్ అడుగున రెండు సన్నని రంధ్రాలు చూపించి, "నీళ్లు ఇక్కణ్నుంచే వస్తున్నాయి సార్" అంటూ అక్కడికక్కడే సిలికాన్ కొట్టి మూసేశాడు. ఐదు నిమిషాల పని. తర్వాతి వానకు కిటికీ ట్రాక్ తొట్టిలా నిండి, నీళ్లు గదిలోకి పొర్లాయి. ఆ రంధ్రాలు నీళ్లు బయటికి పోవడానికి తయారీదారు పెట్టినవి. స్లైడింగ్ కిటికీ ట్రాక్‌లో కొంత వాననీరు చేరడం మామూలే. అది ఆ రంధ్రాల గుండా జారిపోవాలి.

రెండోసారి మరో సంస్థ నుంచి వచ్చినావిడ కిటికీ దగ్గర పది నిమిషాలు ఉండి, తర్వాత నిచ్చెన వేసుకుని పైకెక్కారు. కిటికీ పైన ఉన్న సన్‌షేడ్ గోడతో కలిసే చోట ఒక పగులు ఉంది. నీళ్లు అక్కడ దూరి, గోడ లోపలే కిందికి దిగి, కిటికీ కింద తేలుతున్నాయి. కిటికీ తప్పేమీ లేదు. ముందొచ్చిన కంపెనీ మాత్రం అప్పటికే కొత్త కిటికీలకు కొటేషన్ కూడా పంపేసింది.

ఆ అనుభవంతో నాకు బోధపడింది ఒకటే. తనిఖీకి వచ్చేవాళ్లు మీ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా వాళ్ల సంపాదన మారకూడదు. పరికరాలు, సర్టిఫికెట్లు, మాటతీరు అన్నీ దాని తర్వాతే. ఈ వ్యాసంలోని మెట్లన్నీ అలాంటివాళ్లను ఎలా పట్టుకోవాలో చెప్పడానికే.

1. ఫోన్ చేసే ముందు మీరే ఓసారి చూడండి

మీ ఇబ్బంది ఏమిటో మీకే తెలియకపోతే, వచ్చినవాళ్లు ఏది చెబితే అదే రోగం అవుతుంది. ఒక సాయంత్రం, ఒక నోట్‌బుక్ చాలు. ముందు కిటికీలన్నిటికీ అంకెలు వేసుకోండి. ఈ అంకెలు తర్వాత కొటేషన్‌లో, రిపోర్టులో కూడా పనికొస్తాయి.

అద్దం మసకబారితే లోపలి వైపు వేలితో తుడవండి. చెరిగిపోతే అది గదిలోని తేమ. గాలి ఆడేలా చూసుకుంటే చాలావరకు తగ్గుతుంది. బయటి వైపు తుడిస్తే పోయిందంటే, అది బయటి తేమ చల్లని అద్దం మీద పట్టినది. చలి ప్రాంతాల్లో తెల్లవారుజామున డబుల్ గ్లేజింగ్ (రెండు అద్దాల జత) కిటికీకి ఇలా పడితే సంతోషించాలి, గదిలోని వేడి బయటి అద్దం దాకా రావడం లేదన్నమాట. ఏసీ నడుస్తున్న గదికి పడితే అర్థం తిరగబడుతుంది, గదిలోని చల్లదనం అద్దం గుండా పోతోంది. రెండు వైపులా తుడిచినా మసక కదలకపోతే మాత్రం అది రెండు అద్దాల మధ్యన ఉన్నట్టే. అంచు సీల్ పోయింది. అద్దాల మధ్య ఉండే స్పేసర్ పట్టీలో తేమ పీల్చే గింజలు ఉంటాయి, అవి ఇక పీల్చలేనంత నిండాక ఈ మసక మొదలవుతుంది. అప్పుడు మార్చాల్సింది ఆ అద్దాల జతని. ఫ్రేమ్ గట్టిగానే ఉంటే దాన్ని పీకక్కర్లేదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, సగం అబద్ధాలు మీ గుమ్మం దాటి రావు.

గాలి దూరుతోందనిపిస్తే రెక్కకూ ఫ్రేమ్‌కూ మధ్య ఒక కాగితం ముక్క పెట్టి మూసి, గొళ్లెం వేసి లాగండి. గట్టిగా పట్టుకోవాలి. ఇట్టే జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు బీడింగ్ అరిగిపోయి ఉండాలి, లేదా రెక్క వాలిపోయి ఉండాలి. నాలుగు వైపులా ఇలా చేస్తే ఏ మూల వదులుగా ఉందో తెలిసిపోతుంది. స్లైడింగ్ కిటికీ అయితే ట్రాక్‌లో ఒక గ్లాసు నీళ్లు పోసి చూడండి. కాసేపట్లో బయటికి పోవాలి. నిలిచిపోతే ముందు దుమ్ము తీయండి, కంపెనీని పిలవడం ఆ తర్వాత.

నీళ్లు కారే ఇబ్బంది అయితే, కారిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాసుకోండి: వాన ఎటువైపు నుంచి కొట్టింది, మొదలైన ఎంతసేపటికి తడి కనిపించింది, మొదట ఏ చోట కనిపించింది, వాన ఆగాక ఎంతసేపు కారింది. వాన పడిన వెంటనే కారి, ఆగగానే ఆగితే దారి దగ్గరలోనే ఉన్నట్టు. గంటల తర్వాత మొదలై మర్నాటి దాకా ఊరుతుంటే నీళ్లు ఎక్కడో పైన నిలిచి, గోడలోపల ప్రయాణం చేసి వస్తున్నట్టు. మంచి తనిఖీదారు వచ్చీరాగానే అడిగేది ఇదే. అడగకపోతే మీరే ఆ నోట్‌బుక్ ముందు పెట్టి, ఆయన చదువుతారో లేదో చూడండి.

2. ఎవరు కావాలో తేల్చుకోండి

కిటికీలు చూస్తామని వచ్చేవాళ్లు మూడు రకాలు. మొదటి రకం ఇల్లు కొనేముందు మొత్తం ఇంటిని చూసిపెట్టే హోమ్ ఇన్‌స్పెక్టర్లు. వీళ్లది కంటితో చూసే తనిఖీ. అమెరికాలో 1976లో ఏర్పడిన ఆషీ అనే హోమ్ ఇన్‌స్పెక్టర్ల సంఘం ప్రమాణాల ప్రకారం కూడా ఇంట్లోని ప్రతి కిటికీనీ తెరిచి చూడాలని లేదు, నమూనాగా కొన్నింటిని చూస్తే సరిపోతుంది. ఇందులో మోసమేమీ లేదు, ఆ పని పరిధే అంత. కానీ మీ బాధంతా పడమటి గదిలోని కిటికీతో అయితే, ఆయన నమూనాకు తూర్పుది తెరిచి వెళ్లిపోవచ్చు.

రెండో రకం కిటికీలు, గోడలు, పైకప్పు కలిసే చోట్లు మాత్రమే చూసే నిపుణులు. నీటి పరీక్షలు, గాలి పరీక్షలు చేసేది వీళ్లు. నీళ్లు కారుతున్నా, కొత్త కిటికీల బిగింపు మీద బిల్డర్‌తో తగాదా ఉన్నా, వారంటీ కింద క్లెయిమ్ చేయాలనుకున్నా వీళ్లే కావాలి. ఖర్చు ఎక్కువ.

మూడో రకం కిటికీలు అమ్మే లేదా బాగుచేసే కంపెనీ పంపే మనిషి. హ్యాండిల్ ఊడింది, రోలర్ అరిగింది, మెష్ చిరిగింది లాంటి కంటికి కనిపించే పనులకు ఇతన్ని పిలవడమే తెలివి. దానికి ప్రత్యేకంగా తనిఖీ చేయించడం డబ్బు దండగ. కారణం తెలియని చోట మాత్రం ఇతని మాటే చివరి మాట అనుకోకండి.

3. వాళ్లకు ఇంకేం వ్యాపారం ఉందో అడగండి

మొహమాటం లేకుండా అడగాల్సిన మొదటి ప్రశ్న: "మీరు కిటికీలు అమ్ముతారా? రిపేర్లు చేస్తారా? చేసేవాళ్లను సిఫారసు చేస్తే మీకు కమీషన్ వస్తుందా?"

ఇది నా అనుమానపు బుద్ధితో పుట్టిన ప్రశ్న కాదు. తనిఖీ సంస్థల కోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ/ఐఈసీ 17020. దాని 2012 నాటి కూర్పు తనిఖీ సంస్థలను స్వతంత్రతను బట్టి ఏ, బీ, సీ అని మూడు రకాలుగా విడదీసింది. తాను తనిఖీ చేసే వస్తువుల తయారీ, సరఫరా, బిగింపు, నిర్వహణ వేటితోనూ సంబంధం లేని సంస్థ ఏ రకం. తన మాతృసంస్థ కోసమే పనిచేసే ప్రత్యేక విభాగం బీ రకం. ఇతర పనులు కూడా చేస్తూ, తనిఖీని వాటికి దూరంగా ఉంచేందుకు జాగ్రత్తలు తీసుకునేది సీ రకం. ఇళ్లు చూసే ప్రతి చిన్న సంస్థకూ ఈ గుర్తింపు ఉండాలని పట్టుబట్టకండి. ఆ ప్రమాణం అడిగే ప్రశ్ననే మీరూ అడగండి. హోమ్ ఇన్‌స్పెక్టర్లకు ఆషీ పెట్టిన నియమావళి కూడా ఇదే దారిలో ఉంది: తాను తనిఖీ చేసిన ఇంట్లో ఆ భాగాలను ఏడాది దాకా డబ్బు తీసుకుని బాగుచేయకూడదు.

జవాబులో దాపరికం ఎక్కడ ఉంటుందో కూడా చెబుతాను. "మేం అమ్మం సార్, మా సోదర సంస్థ అమ్ముతుంది" అనేది ఒకటి. "తనిఖీ ఫీజు కొత్త కిటికీల బిల్లులో తగ్గిస్తాం" అనేది ఇంకొకటి. వినడానికి బాగానే ఉంటుంది, కానీ మీరు కొత్తవి కొంటేనే వాళ్లకు గిట్టుబాటని వాళ్లే ఒప్పుకున్నట్టు. ఉచిత తనిఖీ సంగతి సరేసరి, వచ్చినవాళ్ల జీతం ఎక్కడో ఒకచోట నుంచి రావాలి కదా.

అమ్మేవాళ్లందరూ మోసగాళ్లని నా ఉద్దేశం కాదు. నిజాయితీగా "ఇది రబ్బరు మారిస్తే సరిపోతుంది" అని చెప్పిన అమ్మకందారులనూ చూశాను. కానీ రోజంతా కొత్త కిటికీలు అమ్మే మనిషికి ప్రతి ఇబ్బందికీ కొత్త కిటికీయే మందులా కనిపించడం సహజం. గోటితో పోయేదానికి గొడ్డలి తెస్తాడు.

4. కాగితాలు

ఈ మెట్టు త్వరగా దాటేయవచ్చు, వదిలేయకూడదు. మీరుండే చోట తనిఖీదారులకు లైసెన్స్ తప్పనిసరి అయితే, ఆ నంబరు తీసుకుని లైసెన్స్ ఇచ్చిన కార్యాలయపు జాబితాలో మీరే వెతకండి. బీమా రెండు రకాలు అడగండి: పనిలో మీ ఆస్తికి నష్టం జరిగితే ఇచ్చేది, తప్పుడు సలహా వల్ల నష్టం జరిగితే ఇచ్చేది. రెండోది చాలామందికి ఉండదు, అడిగితే మొదటిదే చూపిస్తారు. నిచ్చెన ఎక్కే పని కాబట్టి పనివాళ్లకు ప్రమాద బీమా ఉందో లేదో కూడా చూడండి. పాలసీ మీద ఉన్న పేరు, మీకు కొటేషన్ ఇచ్చిన పేరు ఒకటేనా, గడువు తీరలేదు కదా? అనుమానం ఉంటే బీమా కంపెనీకే ఫోన్ చేయండి.

ఆన్‌లైన్ రివ్యూల్లో చుక్కలు లెక్కపెట్టకండి. "చాలా మంచి సర్వీస్, మర్యాదగా మాట్లాడారు" అన్నవి పక్కన పెట్టి, తనిఖీ తర్వాత ఏం జరిగిందో చెప్పినవి వెతకండి: చెప్పిన కారణం నిజమైందా, రిపేర్ తర్వాత కారడం ఆగిందా? ఒక్క చుక్క ఇచ్చిన రివ్యూకు కంపెనీ రాసిన జవాబు కూడా చదవండి. కోపంతో రాసిందా, వివరంగా రాసిందా అన్నది ఎంతో చెబుతుంది.

5. ఫోన్‌లో పావుగంట

ఇద్దరు ముగ్గురిని ఎంచుకున్నాక ఒక్కొక్కరితో పావుగంట మాట్లాడండి. నేను అడిగే ప్రశ్నలు ఇవి.

"వచ్చేది ఎవరు?" ఫోన్‌లో మాట్లాడేది ఒకరు, వచ్చేది నిన్న చేరిన కుర్రాడు అయితే మీ పావుగంటా వృథా. పేరు, అనుభవం, ఇలాంటి కిటికీలు ఎన్ని చూశారో అడగండి. చెక్క కిటికీల్లో చెదలు, కుళ్లు చూసే కన్ను వేరు, అల్యూమినియం, యూపీవీసీ ఫ్రేముల మూలల్లో జాయింట్లు చూసే కన్ను వేరు.

"అన్ని కిటికీలూ తెరిచి చూస్తారా? బయటి వైపు ఎలా చూస్తారు?" రెండో అంతస్తు కిటికీని లోపలి నుంచి తొంగిచూసి "బాగుంది" అని రాయడం మామూలే. నిచ్చెనా, డ్రోనా, బైనాక్యులరా అన్నది ముందే తెలియాలి. డ్రోన్ ఫోటోలో పగులు కనిపిస్తుంది, వేలితో నొక్కి చూస్తే తప్ప సిలికాన్ ఊడిందో లేదో తెలియదు.

"కిటికీ పైన, పక్కన ఉన్న గోడ కూడా చూస్తారా?" నా కథ విన్నాక ఈ ప్రశ్న ఎందుకో చెప్పక్కర్లేదు. "మాది కిటికీ వరకే" అన్నవాళ్లను నీళ్లు కారే ఇబ్బందికి పిలవకండి.

"ఆ రోజు ఇబ్బంది కనపడకపోతే ఏం చేస్తారు?" ఎండాకాలంలో వచ్చిన తనిఖీదారుకు తడి గోడ దొరకదు. నీళ్లు చల్లి చూస్తాం, వానలో మళ్లీ వస్తాం, దానికి ఇంత ఫీజు అనేది జవాబు. "అనుభవంతో చెప్పేస్తాం" అంటే కృతజ్ఞతలు చెప్పి పెట్టేయండి.

"మీరు చూడనివి ఏంటి?" అన్నిటికంటే నాకు ఇష్టమైన ప్రశ్న ఇది. పని తెలిసినవాళ్లు తడుముకోకుండా జాబితా చెబుతారు: గోడ పగలగొట్టి లోపల చూడం, ఫ్రేమ్ వెనక ఫ్లాషింగ్ (నీళ్లు లోపలికి దూరకుండా వేసే పట్టీ) ఎలా వేశారో బయటి నుంచి కచ్చితంగా చెప్పలేం, అద్దం ఇంకెన్నేళ్లు ఉంటుందో చెప్పం, అని. "మేం అన్నీ చూస్తాం సార్" అన్నవాళ్ల మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు.

చివరగా, "ఈ మధ్య ఎవరికైనా కిటికీ మార్చక్కర్లేదని చెప్పారా? ఎందుకు?" అని అడిగి ఊరుకోండి. ఒక మంచి కథ వినిపిస్తే మనిషి దొరికినట్టే.

6. పరికరాలు చూసి పడిపోకండి

థర్మల్ కెమెరాలో ఎరుపు, నీలం మరకలు చూపించి భయపెట్టడం చాలా తేలిక. ఆ కెమెరా చూసేది ఉపరితలం ఎంత వేడిగా ఉందన్నదే, తేమను కాదు. తడి చోటు చల్లగా కనిపిస్తుంది నిజమే, కానీ నీడ పడిన చోటూ, గోడలో ఇనుము ఉన్న చోటూ, ఏసీ గాలి తగిలే చోటూ అలాగే కనిపిస్తాయి. పైగా మామూలు అద్దం గుండా ఈ కెమెరా చూడలేదు. అద్దం వైపు తిప్పితే కనిపించేది అద్దం ఉపరితలమూ, దానిలో ప్రతిఫలించే చుట్టుపక్కల వేడీ, ఒక్కోసారి కెమెరా పట్టుకున్న మనిషి కూడా! లోపలికీ బయటికీ కనీసం 10 డిగ్రీల సెల్సియస్ తేడా ఉంటే తప్ప గాలి దూరే చోట్లు స్పష్టంగా పడవు. "ఏ సమయంలో తీస్తారు, ఎందుకు?" అని అడిగితే పనివాడెవరో తెలిసిపోతుంది.

కెమెరా అనుమానించిన చోట తేమ మీటరుతో నిర్ధారించాలి. దీనిలోనూ ఒక మెలిక ఉంది. రెండు సూదుల మీటర్లలోని శాతాలు చెక్క కోసం లెక్కగట్టినవి. చెక్కలో 20 శాతం దాటితే కుళ్లు పట్టే ప్రమాదం ఉందని జాగ్రత్త పడతారు. ప్లాస్టర్ గోడ మీద అదే అంకె అంతగా అర్థం లేనిది, గోడలో ఉప్పు చేరినా ఎక్కువే చూపిస్తుంది. అందుకే మంచి తనిఖీదారు అదే గోడలో పొడిగా ఉన్న చోట కూడా ఒకసారి గుచ్చి, రెంటికీ తేడా రాస్తారు.

ఇక నీటి పరీక్ష. గొట్టం పట్టుకుని అంతా ఒకేసారి తడిపేస్తే కారుతుందని తెలుస్తుంది, ఎక్కణ్నుంచో తెలియదు. పద్ధతి ఏమిటంటే కింది నుంచి పైకి రావాలి. మొదట కింది గట్టు, తర్వాత పక్కలు, ఆపై పైభాగం, ఆఖరున పైనున్న గోడ. ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఆగి, లోపల ఒక మనిషి టార్చి పట్టుకుని చూస్తుండాలి. పై నుంచి మొదలుపెడితే జారే నీళ్లు అన్ని చోట్లనూ తడిపేసి లెక్క తప్పుతుంది. తగాదాల్లో చూపించాల్సిన పరీక్షకు ఏఎస్‌టీఎం ఈ1105 అనే ప్రమాణం ఉంది. అందులో చదరపు మీటరుకు నిమిషానికి 3.4 లీటర్ల చొప్పున నీళ్లు చల్లుతూ, లోపలి వైపు కిటికీని ప్లాస్టిక్ షీటుతో మూసి, గాలి లాగి, గాలివాన పీడనం పుట్టిస్తారు. స్థిరమైన పీడనంతో చేస్తే ఇది సాధారణంగా 15 నిమిషాలు సాగుతుంది.

తెరుచుకునే కిటికీ మీద కార్లు కడిగే ప్రెషర్ గన్నుతో కొట్టి "చూశారా, కారుతోంది" అనేవాళ్లు ఉంటారు. అంత ఒత్తిడికి మంచి కిటికీ కూడా కారుతుంది. అలాంటివాళ్లను అక్కడితో ఆపండి.

7. పాత రిపోర్టు ఒకటి అడగండి

పేర్లు, చిరునామాలు తీసేసి ఒక నమూనా రిపోర్టు పంపమనండి. ఇవ్వనన్నవాళ్లను వదిలేయండి. ఇచ్చినదాన్ని ఎలా చదవాలో ఒక ఊహా ఉదాహరణతో చెబుతాను. ఒక రిపోర్టులో ఇలా ఉందనుకోండి:

"కిటికీ 4: లీకేజీ ఉంది. మార్చాలి."

ఇంకొక దాంట్లో ఇలా:

"కిటికీ 4, పడకగది, దక్షిణపు గోడ. అల్యూమినియం స్లైడింగ్. కింది ఎడమ మూల దగ్గర ప్లాస్టర్ మీద తేమ మీటర్ 27, అదే గోడలో పొడి చోట 11. కింది ట్రాక్ మీద 15 నిమిషాలు నీళ్లు చల్లినా లోపల తడి లేదు. ఎడమ ఫ్రేమ్ గోడతో కలిసే చోట చల్లిన 9వ నిమిషంలో తడి కనిపించింది. అక్కడ సిలికాన్ 40 సెం.మీ. పొడవున ఊడింది, ఫోటోలు 12-15. పాతది పూర్తిగా తీసి, జాయింట్ శుభ్రం చేసి కొత్తది వేయాలి. ఫ్రేమ్ మార్చక్కర్లేదు. పైభాగం బాల్కనీ గ్రిల్ అడ్డం వల్ల పరీక్షించలేదు."

రెండో దాంట్లో నాకు బాగా నచ్చేది ఆ చివరి వాక్యం. ఏది చూడలేదో రాసినవాళ్ల మాటను, చూశామన్న చోట కూడా నమ్మవచ్చు. మరో సంగతి, ఈ రిపోర్టు పట్టుకుని మీరు ఏ రిపేర్ మేస్త్రీ దగ్గరికైనా వెళ్లగలరు. మొదటి దాంతో అది రాసిన కంపెనీ దగ్గరికి తప్ప ఎక్కడికీ వెళ్లలేరు.

8. కొటేషన్, ఒప్పందం

ముగ్గురి దగ్గరా ఒకే పనికి కొటేషన్ తీసుకోండి, అదే కిటికీల జాబితా, అవే పరీక్షలు. లేకపోతే తక్కువ ధర అనిపించినది తక్కువ పని అయి ఉంటుంది. ఒప్పందంలో ఇవి రాసి ఉండాలి: ఏ కిటికీలు, లోపలా బయటా రెండూనా, ఏ పరీక్షలు, వచ్చేవారి పేరు, రిపోర్టు ఎన్ని రోజుల్లో, రిపేర్ తర్వాత మళ్లీ పరీక్షిస్తే ఫీజు ఎంత, నీళ్లు చల్లేటప్పుడు గోడకో ఫర్నిచర్‌కో నష్టం జరిగితే ఎవరు భరిస్తారు. గోడ తవ్వాల్సి వస్తే మీ రాతపూర్వక అనుమతి లేకుండా తవ్వకూడదని కూడా.

సన్న అక్షరాల్లో, తమ పొరపాటు వల్ల నష్టం జరిగితే బాధ్యత తీసుకున్న ఫీజు వరకే అని ఒక షరతు ఉండొచ్చు. ఈ రంగంలో అది మామూలు షరతే. కానీ సంతకం పెట్టకముందే మీకు తెలియాలి, పెద్ద ఖర్చు ముడిపడి ఉన్న పని అయితే ఆ పరిమితి పెంచమని అడగాలి.

"ఈరోజే సంతకం పెడితే సగం ధర" అన్నది ఎక్కడ వినిపించినా తలుపు చూపించండి. కిటికీ రేపటికి పారిపోదు.

9. తనిఖీ రోజు పక్కనే ఉండండి

కర్టెన్లు తీసి, కిటికీల ముందున్న సామాన్లు జరిపి ఉంచండి. వచ్చినవాళ్లు ముందు ఏం చేస్తారో చూడండి. మంచివాళ్లు వచ్చీరాగానే మీతో మాట్లాడతారు, తర్వాత ఇల్లు చుట్టూ బయట ఒకసారి తిరుగుతారు, ఆ తర్వాతే లోపలికి వస్తారు.

ఒక్కో కిటికీ దగ్గర వాళ్లు చేసే చిన్న పనులు గమనించండి. రెక్కను చివరిదాకా తెరిచి మూసి, సగంలో వదిలి తనంతట తాను కదులుతుందేమో చూడటం. ఫ్రేమ్‌ను మూల నుంచి మూలకు రెండు వైపులా టేపుతో కొలవడం, ఈ రెండు కొలతలూ ఒకటే ఉండాలి, మామూలు సైజు కిటికీలో 3 మి.మీ. మించి తేడా ఉంటే చతురస్రం తప్పిందని అర్థం. చెక్క అయితే కింది మూలల్లో సూదిలాంటి పనిముట్టుతో గుచ్చి మెత్తబడిందేమో చూడటం. నేలకు దగ్గరగా ఉన్న అద్దం మూలలో గట్టి అద్దమని తెలిపే ముద్ర వెతకడం, టెంపర్డ్ గ్లాస్ అయితే ఈఎన్ 12150 లాంటి ప్రమాణం అంకె చెరగకుండా అక్కడ ఉంటుంది. పిల్లలున్న ఇల్లయితే పై అంతస్తు కిటికీ ఎంత తెరుచుకుంటుందో చూడటం. పడిపోకుండా ఆపే పరికరాలు సాధారణంగా ఆ సందును 100 మి.మీ. దరిదాపుల్లో ఆపుతాయి.

చాలా పాత ఇంటి కిటికీల పెయింట్ గీకబోతే ఆపండి. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది. దాని పొడి పిల్లలకు ప్రమాదం. ఆ మాట తనిఖీదారే ముందు అనాలి, అనకపోతే గుర్తుపెట్టుకోండి.

పక్కన నిలబడి ప్రశ్నలు వేయండి, కానీ చెయ్యి అడ్డం పెట్టకండి. "ఇది ఎందుకు చేస్తున్నారు?" అంటే ఇష్టంగా చెప్పేవాళ్లు ఎక్కువమందే ఉంటారు. చిరాకు పడేవాళ్లు రిపోర్టులో సందేహం అడిగినా చిరాకు పడతారు.

10. రిపోర్టు వచ్చాక

"మార్చాలి" అన్న మాట వచ్చిన ప్రతిచోటా, "బాగుచేస్తే ఎందుకు సరిపోదు?" అని అడిగి జవాబు రాతలో తీసుకోండి. ఫ్రేమ్ కుళ్లిపోయింది, వంగిపోయింది, విడిభాగాలు ఇక దొరకవు లాంటివి సరైన కారణాలు. "పాతదైపోయింది" అనేది కారణం కాదు, వయసు.

కొత్త కిటికీలతో కరెంటు బిల్లు తగ్గుతుందనే లెక్క ఉంటే ఏ అంకెతో ఏ అంకెను పోల్చారో చూడండి. వేడి ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పేది యూ-వాల్యూ, తక్కువ ఉంటే మేలు. ఒంటి అద్దానికి అది సుమారు 5.8, మధ్యలో గాలి ఉన్న రెండు అద్దాలకు 2.8 దరిదాపుల్లో, ప్రత్యేక పూత, ఆర్గాన్ వాయువు కూడా ఉంటే 1.2 దాకా దిగుతుంది. ఇవి అద్దం మధ్యభాగానికి మాత్రమే వర్తించే అంకెలు. ఫ్రేమ్‌ను కలుపుకుంటే మొత్తం కిటికీ అంకె వేరుగా ఉంటుంది. అమ్మేవాళ్లు కొత్తదానికి అద్దం అంకె, పాతదానికి మొత్తం కిటికీ అంకె పెట్టి పోలిస్తే తేడా ఆకాశమంత కనిపిస్తుంది. అద్దాల వెనక దీపం పెట్టి "చెయ్యి పెట్టి చూడండి, వేడి రావట్లేదు" అనే ప్రదర్శన కూడా ఇలాంటిదే. ఆ అద్దం గురించి అది నిజం, మీ కిటికీ ఎందుకు కారుతోందో మాత్రం చెప్పదు.

భారీ ఖర్చు చెప్పినప్పుడు రెండో అభిప్రాయం తీసుకోండి. మొదటి రిపోర్టు మాత్రం ముందే చూపించకండి, చూపిస్తే వచ్చినవాళ్లు దాన్నే కాపీ కొడతారు, లేదా పోటీకి కాదంటారు. మీ నోట్‌బుక్ ఒక్కటే ఇవ్వండి.

రిపేర్ వేరే మనిషి చేత చేయించాక, మేస్త్రీకి చివరి విడత డబ్బు ఇచ్చేలోపు తనిఖీ చేసినవాళ్లనే మళ్లీ పిలవండి. పైన చెప్పిన ఊహా రిపోర్టులోలా అయితే, మొదటిసారి 9వ నిమిషంలో తడి కనిపించిన చోటే, అంతే నీళ్లతో, ఈసారి 15 నిమిషాలూ పూర్తిగా చల్లమనండి. లోపల టార్చి మీరే పట్టుకోండి.